కప్ప చర్మం నుంచి కోళ్ల దాణా దాకా

మందులకు లొంగని బాక్టీరియాను చంపే కొత్త పెప్టైడ్ దొరికిందని తరచూ వార్తలు వస్తుంటాయి. ఒకసారి కప్ప చర్మంలో, ఇంకోసారి తేలు విషంలో. ఈ మధ్య అయితే కంప్యూటరే వాటిని అల్లిపెడుతోంది. మందుల దుకాణానికి వెళ్తే మాత్రం వాటి జాడ ఉండదు. ఇదేం వింత అనిపించినవారు పాత సంగతులు కాస్త తవ్వాలి.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన పొట్టి దండ. దండ బాగా పొడవైతే దాన్నే ప్రోటీన్ అంటాం. ఇలాంటి పొట్టి దండలతో సూక్ష్మజీవులను చంపవచ్చని గట్టిగా చూపినవారు రెనే డ్యూబో. 1939లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేస్తూ, మట్టిలో బతికే ఒక బాక్టీరియా నుంచి ఆయన గ్రామిసిడిన్ రాబట్టారు. పెన్సిలిన్ ఇంకా రోగుల దాకా రాని కాలమది. గ్రామిసిడిన్ బాక్టీరియాను చంపింది, నిజమే. రక్తంలోకి వెళ్తే ఎర్ర రక్తకణాలనూ పగలగొట్టింది. దాంతో పైపూతలకే పరిమితమైంది. ఇప్పటికీ కొన్ని కంటి చుక్కల మందుల్లో అది ఉంటుంది.

ఆ తర్వాత పెన్సిలిన్ వచ్చింది, స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. పెప్టైడ్ల మీద ఆసక్తి చల్లబడింది.

ఈ చరిత్రను చాలామంది మళ్లీ 1980ల నుంచి అందుకుంటారు. అంతకు కాస్త ముందే హైదరాబాద్‌లో ఒక సంగతి జరిగింది. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప మిత్ర భార్గవ ఎద్దు వీర్యద్రవంలో సూక్ష్మజీవులను అణచే ఒక చిన్న ప్రోటీన్ ఉందని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. దాని పేరు సెమినల్‌ప్లాస్మిన్. వారు పనిచేసిన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) పుట్టి అప్పటికి రెండేళ్లే. 1990లో అదే సంస్థకు చెందిన ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ ఆ ప్రోటీన్‌లో నీటికి దూరంగా జరిగే భాగాన్ని, పదమూడు అమైనో ఆమ్లాల ముక్కను, ప్రయోగశాలలో తయారుచేసి చూశారు. అది బాక్టీరియాను చంపింది. ఎర్ర రక్తకణాలనూ పగలగొట్టింది. డ్యూబోకు ఎదురైన చిక్కే యాభై ఏళ్ల తర్వాత హైదరాబాద్ గాజుగొట్టంలోనూ ఎదురైంది.

ఈలోగా స్టాక్‌హోమ్‌లో హాన్స్ బొమన్ బృందం 1981లో సెక్రోపియా అనే పెద్ద పట్టుచిమ్మట ప్యూపాల నుంచి సెక్రోపిన్లను వేరుచేసింది. 1987లో అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ వంతు వచ్చింది. వేరే పరిశోధన కోసం ఆయన ఆఫ్రికా కప్పలకు శస్త్రచికిత్స చేసి, కుట్లు వేసి, మామూలు తొట్టి నీళ్లలో వదిలేసేవారు. ఆ మురికినీటిలోనూ గాయాలు చీము పట్టకుండా మానిపోతుండటం ఆయనను ఆలోచింపజేసింది. అలా కప్ప చర్మంలో మగైనిన్లు బయటపడ్డాయి. హీబ్రూలో 'మగెన్' అంటే డాలు.

ఇవి పనిచేసే తీరు ఆశ పుట్టించేదే. ఈ పెప్టైడ్లకు ధనావేశం ఉంటుంది. బాక్టీరియా పైపొరకు ఋణావేశం. మన కణాల వెలుపలి పొర మాత్రం దాదాపు తటస్థం. కాబట్టి పెప్టైడ్ బాక్టీరియాకే అతుక్కుని, దాని పొరకు చిల్లులు పొడుస్తుంది. పెప్టైడ్లను పూస పూసగా గుచ్చే పద్ధతిని 1963లో కనిపెట్టి తర్వాత నోబెల్ అందుకున్న బ్రూస్ మెరిఫీల్డ్, బొమన్‌తో కలిసి దీన్ని చక్కగా పరీక్షించారు. కుడిచేతికి ఎడమచేయి ఎలాగో, సహజ పెప్టైడ్‌కు అలాంటి అద్దపు ప్రతిబింబాన్ని తయారుచేశారు. తాళంలో చెవిలా ఏదో ఒక ప్రోటీన్‌లో ఇమిడి పనిచేసేదైతే తిరగేసిన చెవి పట్టకూడదు. కానీ 1990లో వెలువడిన ఫలితాల్లో ఆ ప్రతిబింబమూ అంతే బాగా చంపింది. అంటే గురి పొర మీదే. పొరను మార్చుకోవడం బాక్టీరియాకు కష్టం కనుక నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, రాదన్న వాదనకు అప్పట్లో బలం చేకూరింది.

మందు తయారీ దగ్గరికి వచ్చేసరికి కథ నత్తనడక పట్టింది. మగైనిన్‌ను సవరించి చేసిన పెక్సిగానాన్‌ను మధుమేహ రోగుల పాదాల పుండ్లకు పూతమందుగా పరీక్షించారు. మళ్లీ పూతమందే, గమనించండి. అప్పటికే ఉన్న మాత్రలతో ఇంచుమించు సమానంగా పనిచేసినా, 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వలేదు. 2016లో మరో ప్రయత్నమూ విఫలమైంది.

నిరోధకత రాదన్న వాదన కూలిన తీరు ఇంకా ఆసక్తికరం. నిరోధకత రావడం చాలా అరుదని జాస్లాఫ్ అంటే, కెనడా పరిణామ శాస్త్రవేత్త గ్రాహమ్ బెల్ ఒప్పుకోలేదు. మాటలతో తేలదని ప్రయోగానికి దిగారు. పెక్సిగానాన్ మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ బాక్టీరియాను 600 నుంచి 700 తరాల పాటు పెంచారు. 24 వంశాల్లో 22 మందుకు అలవాటుపడ్డాయి. 2006లో అచ్చయిన ఆ వ్యాసంలో జాస్లాఫ్ కూడా ఒక రచయిత. తన మాట తప్పని తేల్చిన పత్రంపై తానే సంతకం పెట్టడం నాకు మగైనిన్ కంటే గొప్పగా తోస్తుంది.

ప్రయోగశాల బయట ఇదే పని కొలిస్టిన్ విషయంలో జరిగింది. ఇదీ బాక్టీరియా చేసే పెప్టైడే, 1949లో జపాన్ మట్టిలో దొరికింది. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1970ల నాటికి వైద్యులు దాన్ని దాదాపు పక్కన పెట్టారు. పశువైద్యం మాత్రం వదల్లేదు. కోళ్లు, పందులు త్వరగా బరువు పెరగాలని దాణాలో కలిపారు. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఎంసీఆర్-1 అనే జన్యువును ప్రకటించారు. అది పైపొరలోని ఋణావేశాన్ని తగ్గిస్తుంది, కొలిస్టిన్‌కు పట్టు దొరకదు. పైగా ఒక బాక్టీరియా నుంచి మరోదానికి చేతులు మారుతుంది. కష్టమనుకున్న పొర మార్పు అలా దాణా బస్తాల మీదుగా జరిగిపోయింది.

మన దేశంలో కోళ్లు, ఇతర ఆహార జంతువులు, చేపలు, రొయ్యల చెరువులకు కొలిస్టిన్ తయారీ, అమ్మకాలను కేంద్ర ఆరోగ్యశాఖ 2019 జులైలో నిషేధించింది. గుడ్లకూ రొయ్యలకూ పేరుపడిన తెలుగు రాష్ట్రాలకు ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. మనుషుల వైద్యంలో మాత్రం అది మిగిలే ఉంది. వేరే మందులేవీ పనిచేయనప్పుడు ఐసీయూలో దాన్నే ఎక్కిస్తారు, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంతకు చేరిందో చూసుకుంటూ.