కోళ్లు గూటికి రావడం లేదా? ముందు గూడు చూడండి: అపోహలు - వాస్తవాలు

మాది మదర్ యూనిట్. ఒక రోజు వయసున్న కోడిపిల్లలను తెచ్చి, 6 వారాలు బ్రూడరు (పిల్లలకు వెచ్చదనం ఇచ్చే ఏర్పాటు) కింద పెంచి, పెరటి పెంపకానికి అమ్ముతాం. ఎక్కువగా వనరాజా, గ్రామప్రియ. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన రకాలే. పిల్లలు తీసుకెళ్లినవాళ్ల నుంచి వారం తిరగకుండా ఫోను వస్తుంది: "అన్నా, నీ కోళ్లు గూట్లోకి పోవట్లేదు. గోడమూల ముడుచుకుని కూర్చుంటున్నాయి."

అపోహ: పొద్దుగూకితే ఏ కోడైనా తనంతట తానే గూటికి వస్తుంది.

చీకటి పడేలోపు ఎక్కడో ఒకచోట చేరాలన్నది కోడికి పుట్టుకతో వచ్చే బుద్ధి. చీకట్లో దానికి చూపు ఆనదు మరి. కానీ ఆ చోటు మీ గూడేనని దానికి ఎవరో ఒకరు నేర్పాలి. నాటుపిల్లలకు తల్లికోడి నేర్పుతుంది. బ్రూడరు పిల్లలకు తల్లి లేదు కాబట్టి ఆ పని మనదే.

కొత్త కోళ్లను వారం రోజులు బయటికి వదలకండి. దాణా, నీళ్లు గూట్లోనే. ఆ తర్వాత కూడా మొదట్లో పొద్దున కాకుండా, పొద్దుగూకడానికి గంట ముందు వదలండి. దూరం పోయేంత టైం ఉండదు, తెలిసిన చోటికే తిరిగొస్తాయి. రోజూ ఇంకాస్త ముందుగా వదులుతూ పోతే సరి. గూడు ఒక మూల నుంచి ఇంకో మూలకు మార్చారా, పెద్ద కోళ్లకైనా మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సిందే.

అపోహ: పగలంతా మాడిస్తే ఆకలికి అవే వస్తాయి.

మాడిన కోడి మేత కోసం ఇంకా దూరం పోతుంది, గుడ్లూ తగ్గిస్తుంది. పెట్టే వేళ మార్చండి, చాలు. పొద్దున కొంచెం, సాయంత్రం గూట్లో ఎక్కువ. డబ్బాలో గుప్పెడు నూకలు వేసి గలగలలాడించండి. రోజూ అదే డబ్బా, అదే వేళ.

అపోహ: చెట్టెక్కే కోళ్లకు రెక్కలు కత్తిరించాలి.

ఈకలు రాలి కొత్తవి రాగానే మళ్లీ ఎగురుతాయి. ఈలోగా కుక్క తరిమితే తప్పించుకోలేవు. అలాగని చెట్టు మీదే వదిలేయమనడం లేదు, మానుపిల్లికి చెట్టెక్కడం బాగా వచ్చు. అడవికోళ్ల సంతతి కాబట్టి కోడి రాత్రికి ఎత్తు వెతుక్కుంటుంది. నేను చూసిన గూళ్లలో సగానికి పైగా నేల తప్ప ఎక్కి కూర్చునే కర్రే ఉండదు!

సుమారు 2 అంగుళాల వెడల్పున్న కర్రను అంచులు నున్నగా చేసి అడ్డంగా కట్టండి. ఒక్కో కోడికి 8 అంగుళాల చోటు కావాలి. గుడ్లు పెట్టే బుట్టల కన్నా కర్ర ఎత్తుగా ఉండాలి, లేదంటే బుట్టల్లోనే పడుకుని పాడుచేస్తాయి. వనరాజా బరువైన కోడి, ఎత్తు నుంచి దూకితే కాళ్లు దెబ్బతింటాయి. దానికి మోకాలెత్తు చాలు.

అపోహ: నిన్నటిదాకా వచ్చిన కోడి ఇవాళ రావడం లేదంటే పొగరెక్కింది.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు గూడు మీదే అనుమానం. ఎండాకాలం సాయంత్రం ఇనుప రేకుల గూట్లో తల పెట్టి చూడండి, మీరే బయటికొచ్చేస్తారు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి దారి. రేకుల మీద తాటాకో, వరిగడ్డో కప్పి, పక్కలకు జాలీ పెట్టండి.

వేడి లేకపోయినా రావడం లేదంటే రాత్రి టార్చ్‌తో కర్ర అడుగు భాగం, గోడ పగుళ్లు చూడాలి. పగలు అక్కడ దాక్కుని రాత్రి రక్తం పీల్చే ఎర్ర నల్లులు, గోమార్లు ఉంటాయి. కర్రను తెల్లగుడ్డతో తుడిస్తే రక్తపు మరకలు కనిపిస్తాయి. పగుళ్లు పూడ్చి, సున్నం కొట్టి, కర్రలు ఎండబెట్టండి. మందు మాత్రం పశువైద్యుణ్ని అడిగే కొట్టండి. ఒకే ఒక్క పెట్ట కనిపించకపోతే గడ్డివాము చుట్టూ వెతకండి, గుడ్లు దాచుకుని పొదుగుతూ ఉండొచ్చు.

అపోహ: కర్ర పట్టుకుని తరిమితే దారికొస్తాయి.

గూడంటేనే బెదురు పుడుతుంది. చీకటి పడేదాకా ఆగండి. అప్పుడు కోడి కదలదు, మెల్లగా రెండు చేతులతో ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టవచ్చు. కొన్నాళ్లు ఓపికపడితే చాలావరకు అలవాటు పడతాయి.

అపోహ: రాత్రంతా బల్బు వెలగాలి.

అక్కర్లేదు. సందెవేళ కాసేపు చిన్న బల్బు చాలు, అదీ గూటి లోపల. బయట వీధిలైటు వెలుగుతూ లోపల చీకటిగా ఉంటే కోడి వెలుగు దగ్గరే ఆగిపోతుంది.

అన్నీ చేరాక లెక్కపెట్టి తలుపు వేయండి. కొక్కెర తెగులు టీకా వేయించే రోజున తెల్లవారాక కూడా తలుపు తీయకండి. ఒకసారి బయటికి వదిలాక ఒక్కోదాన్ని పట్టుకోవడం ఇంటిల్లిపాదికీ పని.