బూడిద దిబ్బల్లో ఉలవలు: మా పని మీద కొన్ని అపోహలు

తవ్వకాల్లో దొరికే మాడిన గింజలు చూడటం నా పని. పక్క బల్ల మీద మా సహోద్యోగి ఎముకలు చూస్తుంది. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "నాలుగు వేల ఏళ్ల కిందటి వంటింటి చెత్త ఏరతాం" అంటాం. ఆ తర్వాత వినే మాటలు దాదాపు ఇవే.

అపోహ: పాత గింజలు మట్టిలో అలాగే ఉండిపోతాయి.

వాస్తవం: మన వానలకూ చెదలకూ మామూలు గింజ ఆగదు. నిప్పులో పడి, బూడిద కాకుండా బొగ్గయిన గింజే మిగులుతుంది. బొగ్గును పురుగు ముట్టదు కదా. తవ్వకంలో నిగనిగలాడే గింజ కనిపిస్తే నా అనుమానం ముందు ఎలుక మీదికే పోతుంది.

వాటిని బయటికి తీయడం పెద్ద విద్యేం కాదు. బకెట్ నీళ్లలో మట్టి వేసి చేత్తో మెల్లగా కలిపితే బొగ్గు పైకి తేలుతుంది. దాన్ని సన్నటి జల్లెడలోకి వంపుకుంటాం. వేర్లు, నత్తగుల్లలు, చీమల తలలు కూడా వెంటే వస్తాయి. మూటగట్టి నీడలో వేలాడదీయాలి. మొదటి ఏడాది తొందరపడి ఎండలో పెట్టాను. మూట విప్పితే నల్లపొడి.

అపోహ: మనవాళ్లు మొదట్నుంచీ జొన్న, రాగి, సజ్జ తిన్నవాళ్లే.

వాస్తవం: ఈ మూడూ ఆఫ్రికా పంటలు. జొన్న, సజ్జ ఉపఖండానికి వచ్చి సుమారు 4000 ఏళ్లు. అవి ఇక్కడ సాగులోకి రాకముందే బళ్ళారి దగ్గరి సంగనకల్లు, కడప జిల్లా హనుమంతరావుపేట వంటి చోట్ల సాగులో నిలదొక్కుకున్నవి అండు కొర్రలు (ఒక చిరుధాన్యం), ఉలవలు, పెసలు. పాత నివేదికల్లో రాగులని రాసిన కొన్ని గింజలను మళ్లీ చూస్తే ఇక్కడి చిరుధాన్యాలేనని తేలింది. తప్పు పట్టలేం. పొట్టుపోయి, పేలాల్లా ఉబ్బి, మాడిన గింజలన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

అపోహ: బూడిద దిబ్బలు యాగాల బూడిద, లేదంటే అగ్నిపర్వతం తాలూకు రాళ్లు.

వాస్తవం: బూడిద దిబ్బలంటే దక్కన్‌లో కొత్త రాతియుగం నాటి ఊళ్ల దగ్గర కనిపించే బూడిద గుట్టలు. హంపి పక్కన నింబాపురంలో ఉన్న దిబ్బను వాలిని దహనం చేసిన చోటని చెబుతారు. కథ బాగుంటుంది, నాకూ ఇష్టమే. పరీక్షిస్తే మాత్రం అది పశువుల పేడ. గడ్డిలోని ఇసుక పదార్థం పేడలోనూ ఉంటుంది, బాగా మండినప్పుడు అది కరిగి చిట్టెంలా ముద్దకడుతుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఊట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు బూడిద పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. అది పశువుల దొడ్డి. పేడ పేరుకున్నాక తగలబెట్టేవారు, మళ్లీ అక్కడే పశువుల్ని కట్టేవారు.

అపోహ: అంత పశుసంపద ఉన్నా పాలకూ సేద్యానికే తప్ప తినేవాళ్లు కాదు.

వాస్తవం: ఇక్కడ చాలామందికి కోపం వస్తుంది. కర్ణాటకలోని బూదిహాళ్ బూడిద దిబ్బ దగ్గర పశువుల్ని కోసిన స్థలమే బయటపడింది. ఎముక మీద కీళ్ల దగ్గర సన్నటి గాట్లున్నాయా, పళ్లు ఎంత అరిగాయి, అంటే ఎన్నేళ్లకు చచ్చింది, ఇవి చూసి మా సహోద్యోగి చెబుతుంది. చాలా ముక్కలు గొర్రెవో మేకవో ఆమెకూ తేలవు, అలాంటివి 'గొర్రె/మేక' అనే రాస్తుంది.

అపోహ: ఏది ఎక్కువ దొరికితే అదే ఎక్కువ తిన్నారు.

వాస్తవం: ఏది ఎక్కువ మాడిందో అదే ఎక్కువ దొరుకుతుంది. ఉలవలు వేయించేటప్పుడు నాలుగు పొయ్యిలో పడతాయి. తోటకూర ఏం మిగులుస్తుంది? రోజూ తిన్నా నా జల్లెడకు అందదు. ఎముకల రసాయనం చూసి వరి తిన్నారా, చిరుధాన్యాలు తిన్నారా అని చెప్పొచ్చు గానీ, మన వేడి నేలల్లో అందుకు కావలసిన కొల్లాజెన్ (ఎముకలోని ప్రోటీన్) చాలాసార్లు మిగలదు. మిగిలినా, చిరుధాన్యాల చొప్ప మేసిన ఆవు పాలు తాగినా ఎముకలో అదే రసాయన గుర్తు కనిపిస్తుంది.

అపోహ: పచ్చిమిర్చి మనది.

వాస్తవం: పోర్చుగీసువాళ్లు వచ్చాకే వచ్చింది. నాలుగు వేల ఏళ్ల పొరలో మిరప గింజ కనిపిస్తే, అది మధ్యాహ్నం మా టిఫిన్ గిన్నెలోంచి పడిందే.