బీపీ గోలి ఒక్కటే, లోపల మందులు మూడు

మర్రిగూడ దగ్గరి ఓ పల్లెలో ఉంటుంది మా పెద్దమ్మ. తన మందులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆ కవరును గోడమేకుకు తగిలిస్తుంది. పోయిన ఎండాకాలం రెండు రోజులు మోషన్లు పట్టుకుని, తిండి సహించక, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే వెళ్లాను. ఆ కవరును మంచం మీద గుమ్మరించి చూశాను.

మూడు రకాల గోలీలు ఉన్నాయి. మొదటిది ఏఎన్ఎం ఇచ్చిన ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. రెండోది నల్లగొండలో ప్రైవేటు డాక్టరు రాసిన షీటు. దాని పేరు చివర ఏఎంహెచ్ అని ఉంది. మూడోది ఊళ్లో ఆర్ఎంపీ కత్తిరించి ఇచ్చిన నాలుగు గోలీల ముక్క. పేరున్న చోటే కత్తెర పడింది. మిగిలిన అక్షరాలను బట్టి అది ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు అని తెలిసింది.

"ఇది సర్కారు గోలి బిడ్డా, ఇది నల్లగొండ గోలి, గది మోకాళ్లది" అని చెప్పింది. మూడూ రోజూ వేసుకుంటోంది. సర్కారుది మానేస్తే ఏఎన్ఎం కోప్పడుతుందని, నల్లగొండది మానేస్తే డాక్టరు కోప్పడతాడని భయం.

ఏఎంహెచ్ అని ఉన్న ఆ ఒక్క గోలిలో మూడు మందులున్నాయి. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయాజైడ్. అంటే పెద్దమ్మ ఆమ్లోడిపిన్ రెండుసార్లు వేసుకుంటోంది. రెండూ కలిపి 10 మిల్లీగ్రాములు, రోజుకు మామూలుగా ఇచ్చే గరిష్ఠ మోతాదు. ఆమ్లోడిపిన్ ఎక్కువైతే చీలమండల దగ్గర కాళ్లు వాస్తాయి. ఆమెకూ వాచాయి. అది మా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన వాపే అనుకుని నొప్పి గోలి ఒకటికి రెండు చేసింది. దవాఖానలో రక్తపరీక్ష చేస్తే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 3 దాటింది. ఆమె వయసు ఆడవాళ్లకు అది 1 దగ్గర ఉండాలి. గోలీలు ఆపించి, సెలైన్ ఎక్కించి, పది రోజులు కనిపెట్టుకుని ఉంటే దిగివచ్చింది. అందరికీ అలా దిగిరాదు.

ఆ పది రోజుల్లో నన్ను తొలిచిన ప్రశ్న ఒకటే. మూడు మందుల్ని ఒక గోలిలో పెట్టాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది, మా ఊరిదాకా ఎట్లా వచ్చింది? ఇట్లా కలపడం తప్పా, ఒప్పా?

ఒప్పేనని చరిత్ర చెబుతోంది. చేతికి పట్టీ కట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని ఇటలీ వైద్యుడు రివా-రోచి 1896లో చేశాడు. స్టెతస్కోపుతో వింటూ పైఅంకె, కిందిఅంకె పట్టే పద్ధతిని రష్యా వైద్యుడు కొరొట్కోవ్ 1905లో చెప్పాడు. కొలవడం వచ్చింది గాని తగ్గించడం రాలేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో నరం చిట్లి చనిపోయిన రోజు ఆయన బీపీ 300/190. అంత పెద్ద దేశాధినేతకే గట్టిగా పనిచేసే మందు లేని కాలమది.

తొలి మందుల్లో ఒకటి మన నేలదే. పిచ్చికి, నిద్రపట్టకపోవడానికి, పాముకాటుకు ఇక్కడ తరతరాలుగా వాడిన సర్పగంధ వేరు బీపీని దించుతుందని బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. అది చదివాక పశ్చిమ దేశాల కళ్లు ఇటు తిరిగాయి. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ ఆ వేరులోంచి రెసర్పిన్‌ను వేరుచేసింది. ఎక్కువ మోతాదులో వాడితే మనిషి దిగులులో కూరుకుపోయేవాడు. 1950ల చివర థయాజైడ్లు వచ్చాయి. ఒంట్లోని ఉప్పునీటిని మూత్రం ద్వారా బయటికి పంపే మందులివి. పెద్దమ్మ గోలిలో హెచ్ అనే అక్షరం ఆ కుటుంబానిదే.

బీపీకి మందు వాడితే ప్రాణం నిలుస్తుందని తిరుగులేకుండా తేల్చింది 1967లో అమెరికా మాజీ సైనికుల దవాఖానల్లో ఎడ్వర్డ్ ఫ్రైస్ నడిపిన అధ్యయనం. అందులో ఉన్నది 143 మంది మగవాళ్లే. వాళ్లలో మందు వంతు వచ్చినవాళ్లకు ఇచ్చింది ఒక మందు కాదు. థయాజైడ్, రెసర్పిన్, హైడ్రలజిన్ అనే మూడు మందుల కలయిక. అంటే బీపీ వైద్యానికి దొరికిన తొలి గట్టి రుజువే కలిపిన మందులది. ఒక మందు ఒక దారి మూస్తే ఒళ్లు ఇంకో దారిలో ఒత్తిడి పెంచుకుంటుంది. రెండు మూడు దారులు కొంచెం కొంచెంగా మూస్తే తక్కువ మోతాదులతోనే పని అవుతుంది, చెడు ప్రభావాలూ తగ్గుతాయి. ఒక మందు మోతాదును రెట్టింపు చేయడం కంటే ఇంకో రకం మందు జత చేస్తే బీపీ దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా దిగుతుందని 42 పరిశోధనలను కలిపి చూసిన లెక్క ఒకటి 2009లో వచ్చింది. ఆమ్లోడిపిన్ వల్ల వచ్చే కాళ్ల వాపు కూడా టెల్మిసార్టాన్ జత చేస్తే కొంత తగ్గుతుంది. ఆ జంట ఊరికే పుట్టలేదు.

మన దేశంలో ఈ కథ కొంత పక్కదారి పట్టింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. మన కంపెనీలు వేరే పద్ధతిలో అదే మందు చేసి చవకగా అమ్మగలిగాయి. హైదరాబాద్‌లోని సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు సొంత ఫ్యాక్టరీలు పెట్టారు. చౌటుప్పల్, చిట్యాల వైపు ముడి మందుల ఫ్యాక్టరీలు లేచాయి, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు వచ్చాయి. ఆ ఫ్యాక్టరీలకు భూములు పోయినవాళ్లు, వాటి పక్కన బోర్లు పాడైనవాళ్లు మా జిల్లాల్లోనే ఉన్నారు. వాళ్లకూ బీపీ ఉంది.

చవక కావడం మంచిదే. చెడు ఎక్కడ వచ్చిందంటే, ప్రతి కంపెనీ తన గోలి వేరుగా కనిపించాలని దొరికిన మందులన్నీ కలిపింది. కొత్త కలయికకు కేంద్రం అనుమతి ఉండాలి. కాని అది లేకుండానే కొన్ని రాష్ట్రాల అధికారులు లైసెన్సులు ఇచ్చారని 2012లో పార్లమెంటు స్థాయీ సంఘం 59వ నివేదికలో తప్పుబట్టింది. 2016 మార్చి 10న కేంద్రం ఒకేసారి 344 కలయికలను నిషేధించింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు మళ్లీ పరిశీలించమంది. చివరికి 2018 సెప్టెంబరులో 328 కలయికలపై నిషేధం వచ్చింది. ఆ జాబితాల్లో నొప్పి గోలీల కలయికలు చాలా ఉన్నాయి. ఆ వార్తలు చదివిన కొందరు "కాంబినేషన్ గోలీలు బ్యాన్ అయినయంట" అని బీపీ గోలి కూడా మానేశారు. అది పెద్ద పొరపాటు. కలపడానికి కారణం లేనివాటిని తీసేశారు గాని కలపడమే తప్పని ఎవరూ అనలేదు.

సరిగ్గా అప్పుడే ప్రపంచం మరోవైపు నడుస్తోంది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ మూడింటినీ తక్కువ మోతాదుల్లో ఒక గోలిగా శ్రీలంకలో 700 మంది మీద పరీక్షించారు. ఆ గోలి వాడినవారిలో 70 శాతం మందికి, మామూలు చికిత్సలో 55 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చిందని 2018లో తేలింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బీపీ కలయిక గోలీలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, 2021లో చికిత్స మొదలుపెట్టడానికి కూడా వాటిని సూచించింది. రోజుకు మూడు గోలీలు గుర్తుపెట్టుకోవడం కంటే ఒకటి గుర్తుపెట్టుకోవడం తేలికని ఎవరికైనా తెలుసు. అందునా పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయి ఆరు నెలలకోసారి ఇంటికొచ్చే మనిషికి ఇంకా తేలిక.

అన్ని జతలూ ఒకటి కాదు. టెల్మిసార్టాన్‌కు రామిప్రిల్ అనే ఇంకో బీపీ మందు కలిపితే అదనపు లాభం లేదని, కిడ్నీలకు హాని పెరుగుతుందని 2008లో ఓ పెద్ద పరీక్షలో బయటపడింది. ఆ రెండూ ఒకే వ్యవస్థ మీద పనిచేస్తాయి, వాటిని కలపకూడదు. పేరు చివర ఏటీ ఉండే గోలీల సంగతి వేరు. వాటిలో ఆమ్లోడిపిన్‌తో పాటు అటెనొలాల్ ఉంటుంది. ఒకప్పుడు మా వైపు ఏ మెడికల్ షాపులో చూసినా అదే. 2005లో వచ్చిన ఓ పెద్ద యూరప్ అధ్యయనంలో, అటెనొలాల్ ఆధారంగా చేసిన చికిత్స కంటే ఆమ్లోడిపిన్ ఆధారంగా చేసినదే మెరుగని కనబడింది. 2006లో బ్రిటన్ మార్గదర్శకాలు ఆ రకం మందులను మామూలు బీపీకి మొదటి వరుస నుంచి తప్పించాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు వాటి అవసరం ఇప్పటికీ ఉంది. ఇరవై ఏళ్లుగా అదే షీటు చూపించి అదే గోలి కొనుక్కునేవాళ్లు ఒకసారి డాక్టరును అడగాలి, సొంతంగా మాత్రం ఆపకూడదు. అటెనొలాల్‌ను ఒక్కసారిగా ఆపేస్తే గుండె వేగం పెరుగుతుంది, గుండెజబ్బు ఉంటే ఛాతీ నొప్పి రావచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మందు పడదు. షుగర్ మందులు వాడేవాళ్లలో షుగర్ పడిపోతే వచ్చే గుండెదడను అది కప్పేస్తుంది.

ఇక మా జిల్లాల సొంత కథ. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని దేశానికంతా తెలుసు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పరిశోధన సంస్థ నీరి 1970ల్లో మా జిల్లా పేరే పెట్టింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథతో నల్లా నీళ్లు వచ్చాయి. కాని నలభై యాభై ఏళ్లు బోరునీళ్లు తాగిన ఎముకలు నల్లా నీళ్లతో మెత్తబడవు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు అరవై దాటినవాళ్లు మోకాళ్లు వంచలేరు, మెడ తిప్పలేరు. నాట్లకు వంగిన నడుములు, బొంబాయిలో ఇటుకలు మోసిన భుజాలు వీటికి తోడు. కాబట్టి మా వైపు నొప్పి గోలి చాయ్ లాంటిది. దాన్ని మందుల లెక్కలో చెప్పరు. డాక్టరు "ఇంకేమైనా వాడుతున్నావా?" అంటే "ఏం లేవు సార్" అంటారు. అబద్ధం చెప్పాలని కాదు, వాళ్ల లెక్కలో అది మందే కాదు.

ఆ గోలి బీపీ గోలితో కలిస్తే ఏమవుతుందో చెరువుతో పోల్చి చెబుతాను. కిడ్నీలోని వడపోత ఒక చిన్న చెరువు అనుకోండి. నీళ్లు ఒక కాలువలో వస్తాయి, ఒక తూములో పోతాయి. చెరువులో నీటిమట్టం ఉంటేనే వడపోత జరుగుతుంది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు వచ్చే కాలువను బిగిస్తాయి. టెల్మిసార్టాన్ పోయే తూమును వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ పైనుంచి వచ్చే నీటినే తగ్గిస్తుంది. మూడూ ఒక్క ఒంట్లో చేరితే చెరువు ఎండుతుంది. మే నెల ఎండ, దాని మీద వాంతులు, మోషన్లు వస్తే ఇక చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లో 4,87,372 మంది బీపీ రోగుల రికార్డులు చూసి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ మూడూ కలిపి వాడినవాళ్లలో కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినే ముప్పు 31 శాతం ఎక్కువ. మొదటి 30 రోజుల్లోనైతే 82 శాతం ఎక్కువ. పైగా నొప్పి గోలి బీపీని కూడా పెంచుతుంది. అప్పుడు బీపీ మందు పనిచేయడం లేదనుకుని ఇంకోటి జత చేస్తారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణ ఆడవాళ్లలో నాలుగోవంతు మందికి, మగవాళ్లలో దాదాపు మూడోవంతుకు బీపీ ఉంది. దేశవ్యాప్త బీపీ నియంత్రణ కార్యక్రమంలో మొదట చేరిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇంటికొచ్చి బీపీ చూసి గోలి చేతిలో పెట్టే ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు లేకపోతే ఎంతోమంది పక్షవాతంతో మంచాన పడేవారు. వాళ్ల పని చూసినవాడిగా చెబుతున్నాను. కాని సర్కారు గోలీలు విడివిడిగా వస్తాయి, ప్రైవేటు గోలీలు కలిపి వస్తాయి. ఈ రెండు దారులూ ఒకే ప్లాస్టిక్ కవర్లో కలుస్తాయి. ఆ కవరును మొత్తంగా చూసేవాళ్లు ఎవరూ లేరు. ఆర్ఎంపీ ఇచ్చే నొప్పి సూది ఏ కాగితం మీదా ఎక్కదు.

పెద్దమ్మ ఇంట్లో నేను చేసినవి చిన్న పనులే. షీట్ల చివరి అక్షరాలు చదవడం ఆమె మనవరాలికి నేర్పాను. ఏఎం ఉంటే ఆమ్లోడిపిన్, హెచ్ ఉంటే నీళ్లు తీసే మందు, ఏటీ ఉంటే అటెనొలాల్. కంపెనీని బట్టి అక్షరాలు మారతాయి కాబట్టి, వెనక సన్నటి అచ్చులో ఉన్న మందు పేర్లే అసలైన ఆధారమని కూడా చెప్పాను. షీటు కత్తిరించాల్సి వస్తే పేరు, తేదీ ఉన్న ముక్క ఇంట్లోనే ఉంచమన్నాను. డాక్టరు మోతాదు తగ్గించి ఒకే రకం గోలి రాశాడు. ఏఎన్ఎం దగ్గర ఆమె కార్డు మీద "ఆమ్లోడిపిన్ బయటి గోలిలో ఉంది" అని రాయించాం. వాంతులు, మోషన్లు పట్టుకున్న రోజు ఈ గోలి వేసుకోవాలా వద్దా అని అదే రోజు ఫోన్ చేసి అడగమన్నాడు డాక్టరు. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దన్నాడు. ఆమె కోడలికి కూడా బీపీ గోలి ఉంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటోంది. గర్భంలో బిడ్డకు టెల్మిసార్టాన్ హాని చేస్తుంది కాబట్టి, గర్భం రాకముందే మందు మార్పించుకోవడానికి ఆమెను అదే రోజు తీసుకెళ్లాం.

మోకాళ్లకు పారాసిటమాల్, వేడినీళ్ల కాపడం, ఫిజియోథెరపీ చెప్పారు. ఫిజియోథెరపీకి నల్లగొండ పోవాలంటే రెండు బస్సులు మారాలి. నెలకు రెండుసార్లు పోతోంది. "నొప్పి మాత్రం అట్లనే ఉంది బిడ్డా" అంటుంది ఫోన్లో. ఆర్ఎంపీ దగ్గరికి పోయినప్పుడు మాత్రం ఇప్పుడు కవరు వెంట తీసుకుపోతోంది. వచ్చే సోమవారం మళ్లీ క్రియాటినిన్ పరీక్ష ఉంది.