బూజు ప్రాణం కొవ్వులో

2021 మే నెల. కోవిడ్ నుంచి తేరుకుని ఇంటికొచ్చిన పదిరోజులకే మా పెద్దనాయనకు కుడి చెంప మొద్దుబారింది, కన్ను వాచింది. ఆయనకు పదిహేనేళ్లుగా షుగర్. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. డాక్టర్ స్కాన్ చూసి, "మ్యూకర్. ఇంజక్షన్లు మీరే ఎక్కడైనా చూసుకోండి" అన్నారు. అందరూ బ్లాక్ ఫంగస్ అంటున్నది దాన్నే. నిజానికి ఆ బూజు నల్లగా ఉండదు. అది రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి రక్తాన్ని ఆపేస్తే, చచ్చిపోయి నల్లబడేది మన కండ.

మందు పేరు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల లెక్క. ఆయన 60 కిలోలు, ఒక్కో వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, ఉండేది 50 మిల్లీగ్రాములు. అంటే రోజుకు ఆరు వయల్స్, అదీ వారాల తరబడి. ఆ నెలలో దేశమంతా ఆ మందు కోసమే వెతుకుతోంది. వేలూరు, చెన్నై, బెంగళూరు... మేం ఫోన్ చేయని ఊరు లేదు.

మొదటి ఆరు వయల్స్ దొరికిన రోజు నర్సమ్మ వాటిని కలుపుతుంటే పక్కనే నిలబడి చూశాను. సీసా అడుగున పసుపుపచ్చని పొడి. అందులో స్టెరైల్ వాటర్ పోసి అరనిమిషం గట్టిగా కుదిపింది. సెలైన్ అంటే ఉప్పునీళ్లు తగిలితే ఈ మందు విరిగిపోతుందట, అందుకే డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర నీళ్ల బాటిల్లోకే ఎక్కించింది. పెద్దనాయన ఆ బాటిల్ వైపు చూసి, "ఇదేందిరా, పసుపు నీళ్ల మాదిరి ఉండాదే" అన్నాడు. ఆ పసుపు నీళ్లు ఆయన ఒంట్లో వెతుకుతున్నది ఒకే ఒక్క కొవ్వు పదార్థాన్ని. దాని పేరు ఎర్గోస్టెరాల్.

అదేమిటో తెలియాలంటే వంటింట్లోకి వెళ్దాం. డిసెంబర్ చలికి డబ్బాలో నెయ్యి గడ్డకడుతుంది, పక్కనే ఉన్న చెనిక్కాయ నూనె మాత్రం అలాగే పారుతుంటుంది. రెండూ కొవ్వులే. నెయ్యిలో కొవ్వు తోకలు ఎక్కువ భాగం నిటారుగా ఉంటాయి కాబట్టి పుల్లలకట్టలా దగ్గరగా సర్దుకుంటాయి. నూనెలో చాలా తోకలకు మధ్యలో వంపు ఉంటుంది. వంకర పుల్లలతో కట్ట బిగుసుకోదు కదా! ప్రతి జీవకణం చుట్టూ ఉండే పొర కూడా ఇలాంటి కొవ్వులతో తయారైందే. దాని మందం మిల్లీమీటరులో దాదాపు రెండు లక్షలవ వంతు. ఆ పొర నెయ్యిలా గడ్డకడితే కణం చచ్చిపోతుంది, నూనెలా పలచబడితే లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది. రెండింటికీ మధ్యలో పట్టి ఉంచేవి స్టెరాల్స్. మన కణాల్లో ఆ పని చేసేది కొలెస్టరాల్. బూజు కణాల్లో చేసేది ఎర్గోస్టెరాల్.

రెండింటికీ తేడా ఎంతో తెలుసా? కొలెస్టరాల్‌లో 27 కార్బన్ పరమాణువులుంటే ఎర్గోస్టెరాల్‌లో 28. దాంతోపాటు రెండు జంట బంధాలు ఎక్కువ. అంతే. బాక్టీరియా మనకు చాలా దూరపు చుట్టం, దాని కణం కట్టుబడే వేరు. అందుకే దాన్ని చంపే మందులు అన్ని రకాలున్నాయి. బూజు అలా కాదు. పరిణామ క్రమంలో మొక్కల కన్నా మనకే దగ్గర. దాన్ని చంపాలంటే మనల్ని చంపకుండా చంపాలి. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, ఈ బూజు ప్రాణం ఆ కాస్త తేడాలో ఉంది. ఇంత సన్నని సందులోంచి మనవాళ్లు మందులు చేయగలిగారన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా గొప్పగానే అనిపిస్తుంది.

ఎర్గోస్టెరాల్‌ను మొదట గుర్తించింది ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ తాన్రె, 1889లో. ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ అనే బూజులో దొరికింది కాబట్టి ఆ పేరు వచ్చింది. పుట్టగొడుగులను ఎండలో పెడితే వాటిలో తయారయ్యే డి విటమిన్‌కు ముడిసరుకు కూడా ఇదే.

ఆంఫోటెరిసిన్‌ను 1950లలో కనుక్కున్నారు. వెనెజులాలో ఒరినోకో నది ఒడ్డు మట్టిలో దొరికిన ఒక బాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. అది బూజు పొరకు చిల్లులు పొడుస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. ఈమధ్య తేలినదేమంటే, అంతకన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. ఈ మందు అణువులు గుంపుగా పొర మీద కూర్చుని, స్పాంజి నీళ్లను పీల్చినట్టు ఎర్గోస్టెరాల్‌ను బయటికి లాగేస్తాయి. చిక్కేమిటంటే, ఇది కొంతమేర మన కొలెస్టరాల్‌ను కూడా పట్టుకుంటుంది. పాతరకం ఇంజక్షన్‌కు కిడ్నీలు దెబ్బతినేది ఇందువల్లే. లైపోసోమల్ అంటే ఆ మందును కొవ్వు బుడగల్లో పెట్టి పంపడం. ఆ బుడగ గోడలో కొలెస్టరాల్ కూడా కలుపుతారు. మందు దారిలో మన కణాల జోలికి పోకుండా ఆ బుడగనే అంటిపెట్టుకుని ఉండి, బూజు దగ్గరికి చేరాక ఎర్గోస్టెరాల్ మీదికి మళ్లుతుంది. కొవ్వులో చుట్టి పంపి కొవ్వునే కొట్టడమన్నమాట.

బూజు ఈ ఎర్గోస్టెరాల్‌ను తనే వండుకుంటుంది. ఒకదాని తర్వాత ఒకటిగా ఇరవై దాకా ఎంజైములు పనిచేస్తాయి. మెడికల్ షాపులో దొరికే తామర మందుల్లో చాలావరకు ఈ వంటలో ఏదో ఒక చోట అడ్డం పడేవే. టెర్బినాఫిన్ మొదట్లోనే ఆపేస్తుంది. ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ లాంటి 'కొనజోల్' ఇంటిపేరు మందులు ఇంకాస్త ముందుకెళ్లాక ఆపుతాయి. అప్పుడు సగం ఉడికిన స్టెరాల్స్ పొరలో చేరి దాన్ని గుల్ల చేస్తాయి.

తామర అనగానే ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. మా తిరుపతి ఎండకు, చెమటకు గజ్జల్లో తామర రాని ఇల్లు తక్కువ. చాలామంది డాక్టర్ దగ్గరికి పోరు. షాపులో అడిగితే ఒక ట్యూబు ఇస్తారు, అందులో బూజు మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. రెండ్రోజుల్లో దురద తగ్గుతుంది, తగ్గిందని ఆపేస్తారు. స్టెరాయిడ్ అణచింది దురదను, దాంతోపాటు ఒంటి రక్షణను. బూజు లోపల హాయిగా బతికే ఉంటుంది. ఇలా అరకొరగా మందు రుచి చూపిస్తూ పోతే ఏమవుతుందో కళ్లముందే ఉంది. టెర్బినాఫిన్ పట్టుకునే ఎంజైము రూపమే మారిపోయిన తామర బూజు మన దేశమంతా పాకింది, విదేశాలకూ చేరింది. 2020లో జపాన్ పరిశోధకులు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులోనే మన దేశం ఉంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

బూజు కొవ్వుల్లో గురిపెట్టడానికి ఎర్గోస్టెరాల్ ఒక్కటే దిక్కా అంటే, కాదనడానికి ఒక దారి కనిపిస్తోంది. పావురాల రెట్టల్లో పెరిగే క్రిప్టోకాకస్ అనే బూజు ఊపిరితిత్తుల్లో దిగి మెదడుకు ఎక్కుతుంది. దాని పొరలో గ్లూకోసిల్‌సెరమైడ్ అనే ఇంకో కొవ్వు ఉంది. 2006లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఆ కొవ్వును తయారుచేసుకోలేని బూజు ఊపిరితిత్తుల్లో ఎదగలేకపోయింది, ఎలుకలు బతికాయి. మనలోనూ ఈ కొవ్వు ఉంది కానీ, బూజుదానికి మిథైల్ అనే ఒక్క కార్బన్ కొక్కెం అదనం. మళ్లీ అలాంటి చిన్న తేడానే! దాన్ని గురిపెట్టే మందులు ఇంకా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

పెద్దనాయనకు ప్రాణం దక్కింది, కుడి కన్ను దక్కలేదు. ఇంటికొచ్చాక పోసాకొనజోల్ బిళ్లలు రోజుకు మూడు చొప్పున నెలల తరబడి మింగాడు. మరుసటి జనవరిలో దామలచెరువు దగ్గర ఆయన మామిడి తోటకు వెళ్లాను. పూత విరగబూసింది, అక్కడక్కడా బూడిద తెగులు. మోటారు షెడ్డులో అరమీద ఖాళీ బిళ్లల అట్ట ఒకటి, దాని పక్కనే తోటకు కొట్టే మందు సీసా. రెండూ ఆయన చేతికిచ్చి పేర్లు చూడమన్నాను. మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా చదివాడు. పోసాకొనజోల్. హెక్సాకొనజోల్.

"రెండూ ఒకే వంశమా?"

అవునన్నాను. రెండూ ఆపేది ఒకే ఎంజైమునని చెప్పాను. తోటలో కొట్టింది బూడిద తెగులుకే తగలదు. నేలలో, ఎరువు కుప్పలో ఉండే ఆస్పర్జిల్లస్ బూజుకూ తగులుతుంది. ఏళ్ల తరబడి తగిలితే తట్టుకునే రకాలే మిగులుతాయి. అవి గాల్లో ఎగిరి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రిలో ఇచ్చే కొనజోల్ వాటిమీద పనిచేయదు. మన దేశపు మట్టిలో అలాంటివి ఉన్నాయని 2012లోనే తేలింది.

ఆయన చాలాసేపు సీసానే చూస్తూ కూర్చున్నాడు. "మరి పూత నిలవాలంటే ఏం కొట్టమంటావు?" అన్నాడు. గంధకం కూడా ఈ తెగులుకు పనిచేస్తుందన్నాను. అవసరమైతేనే ఈ హెక్సాకొనజోల్, అదీ వేరే మందుతో మార్చి మార్చి. సీసాను అరమీద వెనక్కి జరిపి, పాలేరును కేకేసి, దామలచెరువుకు పోయి గంధకం పొడి తెమ్మన్నాడు.