డోరు కొట్టి చూస్తే కారు తెలియదు: మిడ్‌సైజ్ సెడాన్లపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు మీద మాది చిన్న షెడ్డు. ఇరవై రెండేళ్లుగా కార్లు విప్పడం, బిగించడమే పని. ఈ నాలుగైదేళ్ల నుంచి దానికి ఇంకో పని తోడైంది. కొత్త కారు కొనేవాళ్లు అడ్వాన్సు కట్టే ముందు వచ్చి "అన్నా, సిటీనా, వెర్నానా, స్లావియానా?" అని అడుగుతున్నారు. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా మూడూ మిడ్‌సైజ్ సెడాన్లే, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే మధ్యరకం కార్లు. నేను తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు? హైవే దిగినంక మీ ఇంటి దాకా రోడ్డు ఎట్లుంటది? బ్రోషర్ మొత్తం కంఠస్థం చేసి వచ్చినవాళ్లు కూడా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఆ మూడు జవాబులు తెలిస్తే సగం అపోహలు వాటంతట అవే పోతాయి. మిగిలిన సగం ఇవి.

అపోహ: డోరు బరువుగా ఉంటే బండి గట్టిది

షెడ్డుకొచ్చిన ప్రతి రెండో మనిషి డోరు వేసి చప్పుడు వింటాడు. "ధబ్" అంటే గట్టి బండి, "టప్" అంటే రేకు డబ్బా అని తీర్పు. ఆ చప్పుడు డోరు లాక్ వల్ల, చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ వల్ల, లోపల అంటించిన డ్యాంపింగ్ షీటు వల్ల వస్తుంది. కొన్ని వందల రూపాయల షీటు అంటిస్తే ఏ డోరైనా "ధబ్" అంటుంది. బయటి రేకు బండికి చర్మం లాంటిది. ప్రాణం కాపాడేది లోపలి పిల్లర్లు, మనుషులు కూర్చునే గూడు. ముందు భాగం నుజ్జవడం లోపం కాదు, దెబ్బను అది మింగాలనే అట్లా తయారు చేస్తారు.

నమ్మాల్సింది క్రాష్ టెస్ట్ ఫలితాన్ని. కార్లను గుద్దించి పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2023లో స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్చుస్‌లకు పెద్దల రక్షణలో, పిల్లల రక్షణలో ఐదేసి నక్షత్రాలు ఇచ్చింది. అదే ఏడాది హ్యుందాయ్ వెర్నాకు కూడా ఐదు వచ్చాయి. కానీ నివేదిక లోపలికి వెళ్తే స్లావియా, వర్చుస్ బాడీ నిలకడగా ఉందని, వెర్నా బాడీ నిలకడగా లేదని రాశారు. నక్షత్రాలు లెక్కపెట్టి ఆగిపోతే ఈ తేడా కనపడదు. అట్లాగని వెర్నా కొనొద్దని కాదు, చదివి కొనమంటున్నాను.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. ఐదు నక్షత్రాల కారు కొని, షోరూమ్ నుంచి నేరుగా సీటు కవర్ల షాపుకు తీసుకుపోతారు. ముందు సీట్ల పక్క అంచుల్లో సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి, 'ఎయిర్‌బ్యాగ్' అని చిన్న ట్యాగ్ కూడా కుట్టి ఉంటుంది. దాని మీద మందపాటి రెగ్జిన్ కవరు బిగిస్తే సమయానికి అది విచ్చుకోవడం అనుమానమే. వెనక బెల్టుల బకిళ్లేమో సీటు కిందికి తోసేస్తారు. మొన్న ఒక బండి సర్వీసుకొస్తే వెనక బకిళ్ల కోసం చేయి పెట్టి వెతికాను. రెండు వేరుశనగ గింజలు, ఒక స్కూలు పిల్లల పెన్సిలు, ఆ తర్వాత బకిళ్లు దొరికాయి. బండి కొని మూడేళ్లయిందట.

అపోహ: మన ఊళ్ల రోడ్లకు సెడాన్ పనికిరాదు, కింద తగులుతుంది

ఇది సగం నిజం. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

స్లావియాకు గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు. అది ఖాళీ బండి లెక్క. ఒకసారి నిడమనూరు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కొత్త సెడాన్, అప్పటికే కింద రెండుసార్లు గీసుకుపోయింది. ఖాళీ బండికి చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) గార్డు కింద టేపు పెట్టి కొలిచాను. తర్వాత ఐదుగురినీ కూర్చోబెట్టి, డిక్కీలో వాళ్ల బియ్యం బస్తాలు పెట్టించి మళ్లీ కొలిచాను. రెండు వేళ్ల మందం పోయింది. డిక్కీ వైపు ఇంకా ఎక్కువే దిగింది. ఇంటి యజమాని ముఖం చూస్తే నాకే జాలేసింది.

రెండో సంగతి వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం. సిటీకి 2600 మిల్లీమీటర్లు, స్లావియాకు 2651, వెర్నాకు 2670. ఈ దూరం ఎక్కువైతే వెనక కాళ్లకు చోటు పెరుగుతుంది. కానీ మొనదేలిన దిబ్బ ఎక్కినప్పుడు నడుం తగిలే అవకాశమూ పెరుగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. అట్లాంటిదైతే ఏ సెడాన్ అయినా హాయిగా దాటుతుంది. మన దగ్గర యాక్సిడెంట్ అయిన మర్నాడు ఊరోళ్లు వేసే దిబ్బకు ఎత్తు మాత్రం ఉంటుంది, వెడల్పు ఉండదు. దాని మీద బాగా నెమ్మదిగా, వీలైతే కొంచెం ఏటవాలుగా ఎక్కించాలి.

అన్నిటికంటే పెద్ద గండం వడ్ల సీజన్‌లో వస్తుంది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి. రాత్రిపూట అట్లాంటి రాయి తగిలి చాంబర్ పగిలిన బండ్లు ఏటా వస్తాయి. చాంబర్ పగిలినా పెద్ద ఖర్చు కాదు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగాక కూడా "ఊరు దగ్గరే కదా" అని నడిపితేనే ఇంజన్ పట్టేసి లక్షల్లోకి పోతుంది. లైటు కనపడితే ఆపేయండి.

ఎత్తు పెంచుతామని స్ప్రింగుల్లో రబ్బరు ముక్కలు పెట్టేవాళ్లున్నారు. నేను పెట్టను. మలుపుల్లో బండి నడక మారిపోతుంది, కంపెనీ వారంటీకి కూడా చిక్కు. మీ ఇంటికి చేరే చివరి రెండు కిలోమీటర్లు నిజంగానే గుంతలైతే ఎస్‌యూవీ కొనుక్కోండి. మెట్టలో పోయేదానికి సెడాన్ మీద పంతం ఎందుకు?

అపోహ: మైలేజీ ఎక్కువున్న బండే లాభం

కంపెనీ చెప్పే మైలేజీ ల్యాబులో రోలర్ల మీద కొలిచింది. అక్కడ ఎదురుగాలి ఉండదు, మే నెల ఎండ ఉండదు. ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది కానీ, మీ జేబు లెక్కకు పనికిరాదు.

లెక్క ఇట్లా వేసుకోండి. పెట్రోలు లీటరు 108 రూపాయలు, ఒక బండి 15 ఇస్తుంది, ఇంకోటి 18 ఇస్తుంది, రెండోదాని ధర లక్షన్నర ఎక్కువ అనుకుందాం. నల్లగొండలోనే స్కూలుకు వెళ్లొచ్చే టీచర్ సారు నెలకు 800 కిలోమీటర్లు తిరుగుతాడు. ఆయనకు మిగిలేది నెలకు 960 రూపాయలు. పెట్టిన లక్షన్నర తిరిగి రావడానికి పదమూడేళ్లు పడుతుంది. వారానికి మూడు నాలుగుసార్లు హైదరాబాద్ పోయొచ్చే వ్యాపారి నెలకు 3000 తిరుగుతాడు. ఆయనకు నెలకు 3,600 మిగులుతుంది, మూడున్నరేళ్లలో అసలు వచ్చేస్తుంది. బండ్లు అవే, లెక్క మాత్రం తలకిందులైంది. హోండా సిటీ హైబ్రిడ్‌కు కంపెనీ లెక్కలో లీటరుకు 27 కిలోమీటర్ల పైనే ఉంది, మంచి బండే. కానీ అది ఎవరికి మంచిదో ఈ లెక్కే చెప్తుంది. ఇంకో మాట. హైవే మీద 110లో పోయేవాళ్లు 90కి దిగితే వచ్చే మైలేజీ ఏ షోరూమూ ఉచితంగా ఇవ్వదు.

"లాంగ్ తిరిగేవాళ్లకు డీజిలే మేలు" అనే మాట ఇంకా వినపడుతుంది. 2023లో ఉద్గార నిబంధనలు ఇంకా బిగిశాక సిటీ డీజిల్ ఆగింది, కొత్త వెర్నా డీజిల్ లేకుండానే వచ్చింది. స్లావియా, వర్చుస్‌లకు మన దేశంలో మొదటి నుంచీ డీజిల్ లేదు. సెకండ్ హ్యాండ్‌లో బీఎస్-6 (కఠినమైన ఉద్గార ప్రమాణం) డీజిల్ కొంటే దాని పొగ ఫిల్టర్ సంగతి అడగండి. రోజూ గడియారం సెంటర్ దాకా వెళ్లొచ్చే బండిలో ఆ ఫిల్టర్ కాలి శుభ్రపడేంత వేడి రాదు, మూసుకుపోతుంది.

టర్బో ఇంజన్ తొందరగా పోతుందన్న భయం కూడా అట్లాంటిదే. చెప్పిన గ్రేడు ఆయిల్ వేసి, చెప్పిన గడువుకు మారిస్తే ఏమీ కాదు. హైవే మీద గట్టిగా తోలి వచ్చాక అర నిమిషం ఆన్‌లో ఉంచి ఆపండి, చాలు.

అపోహ: ఆటోమేటిక్ ఏదైనా ఒకటే

కానే కాదు. సిటీ పెట్రోలులో ఉండేది సీవీటీ, మామూలు 1.5 వెర్నాలో ఐవీటీ. రెండూ బెల్టు లేదా చైను మీద నడిచే ఒకే జాతివి. ఊళ్లో మెత్తగా పోతాయి, గట్టిగా తొక్కితే ముందు అరుపు, తర్వాత వేగం. స్లావియా, వర్చుస్ 1.0 లీటర్‌లో టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని చక్రాలకు అందించేది, ఇది పాతకాలం నుంచి నమ్మకమైన పద్ధతి. 1.5 లీటర్‌లో డీఎస్‌జీ, వెర్నా టర్బోలో డీసీటీ. ఈ రెండింట్లోనూ రెండేసి క్లచ్‌లుంటాయి. హైవే మీద వాటిని మించినవి లేవు. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుపుతుంటే మాత్రం క్లచ్ వేడెక్కుతుంది. ముందు బండి కాస్త దూరం పోయాక ఒకేసారి కదలండి. ఇక గేరు ఆయిల్ మార్చక్కర్లేదు, "లైఫ్ టైమ్" అని ఎవరన్నా అంటే, ఎవరి లైఫ్ టైమ్ అని అడగండి. మాన్యువల్ బుక్కులో ఏముందో చదివి దాని ప్రకారం మార్పించండి.

అపోహ: డిజైర్ కూడా సెడానే, అంత తేడా ఏముంటుంది?

పన్నులో తేడా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. మారుతి డిజైర్, హోండా అమేజ్ ఆ లెక్కలోకి వస్తాయి. సిటీ, వెర్నా, స్లావియా పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది కాబట్టి 40 శాతం. డిక్కీలోనూ తేడా ఉంది. డిజైర్‌కు 382 లీటర్లు, అమేజ్‌కు 416, సిటీకి 506, స్లావియాకు 521, వెర్నాకు 528. వెనక ముగ్గురు పెద్దవాళ్లు గంటకు మించి కూర్చుంటే సీటు వెడల్పులో తేడా భుజాలకు తెలుస్తుంది. నాకు వ్యాపారం తగ్గినా సరే, నిజం చెప్తాను. నా దగ్గరికి మిడ్‌సైజ్ అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి డిజైర్ సరిపోతుంది. గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో దానికీ 2024లో పెద్దల రక్షణలో ఐదు, పిల్లల రక్షణలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి.

అపోహ: లీజు అంటే ఈఎంఐ లాంటిదే

ఈఎంఐలో బండి మీ పేరు మీద ఉంటుంది, ఆర్సీలో బ్యాంకు హైపోథికేషన్, అంటే బండి అప్పు కింద తాకట్టులో ఉందని, రాసి ఉంటుంది. అప్పు తీరాక బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 ఇచ్చి దాన్ని తీయించుకుంటారు. లీజులో మామూలుగా బండి లీజు కంపెనీదే, మీరు కట్టేది వాడకానికి అద్దె. ఇన్సూరెన్సు, సర్వీసు అందులోనే ఉన్నాయా, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి, తిరిగి ఇచ్చేటప్పుడు గీతలకు ఎంత పట్టుకుంటారు, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు... ఇవన్నీ ఒప్పందంలో చదవాలి.

మిర్యాలగూడ పిల్లోడు ఒకడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ లీజు కారు తీసుకున్నాడు. ఏడాదికి 15,000 కిలోమీటర్ల పరిమితి. "ఆఫీసు ఐదు కిలోమీటర్లే కాకా, సరిపోద్ది" అన్నాడు. వారం వారం అమ్మ దగ్గరికి వస్తావా అని అడిగాను. రానుపోను 300 పైనే, ఏడాదికి 52 వారాలు. ఇంటికి వచ్చిపోవడానికే 15,600 అవుతుంది. పిల్లోడు సెల్‌లో మళ్లీ ఒకసారి గుణించి చూసుకున్నాడు.

అపోహ: ఆగిపోయిన మోడల్ కొంటే పార్టులు దొరకవు

మారుతి 2025లో తన మిడ్‌సైజ్ సెడాన్ సియాజ్ ఆపేసింది. సెకండ్ హ్యాండ్‌లో బేరం బాగుందని, కానీ భయంగా ఉందని అడుగుతున్నారు. 2018 నుంచి వచ్చిన సియాజ్ పెట్రోలులో 1462 సీసీ ఇంజన్ ఉంది. అదే ఇంజన్ ఎర్టిగాలోనూ వచ్చింది. ఇంజన్ సామానుకు భయం లేదు. ముందు ముందు వెతుక్కోవాల్సి వచ్చేది హెడ్‌లైట్లు, బంపర్లు, డోర్ల లాంటి పైసామాను. అందుకని గుద్దుకున్న సియాజ్ కొనకండి, గుద్దుకోనిది కొనండి.

సెకండ్ హ్యాండ్ ఏదైనా సరే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకు మూత తీసి చూడండి. మన జిల్లా బోరు నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లగా పొర కట్టడం ప్రతి ఇంట్లో చూసిందే. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఆ నీళ్లే పోసిన రేడియేటర్‌లోనూ అదే పొర కడుతుంది. మూత అంచున సున్నం లాగా కనపడితే, థర్మోస్టాట్, రేడియేటర్ ఖర్చు బేరంలో తగ్గించుకోండి, లేదా లేచి వచ్చేయండి.

అపోహ: టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ ఒక రౌండు

తిప్పర్తి నుంచి ఒక కుటుంబం వాళ్ల నాయనమ్మను కూడా వెంటబెట్టుకుని టెస్ట్ డ్రైవ్‌కు పోయింది, పోతూ నన్నూ రమ్మన్నారు. కొడుకుకు సన్‌రూఫ్ కావాలి. మన దగ్గర మేలో అది తెరిస్తే వడియాలు పెట్టుకోవచ్చు, సరే, వాడి ముచ్చట వాడిది. మధ్యాహ్నం ఒంటిగంటకు, ఐదుగురం ఎక్కి, నార్కట్‌పల్లి దాకా వెళ్లి వచ్చాం. ఏసీ వెనక దాకా వస్తోందా, మధ్యలో కూర్చున్న మనిషి మోకాళ్లు ఎక్కడ పెడుతున్నాడు, అన్నీ తెలిశాయి. తిరిగొచ్చాక ముసలమ్మ దిగబోయింది. సీటు కిందికి ఉంది, మోకాళ్ల నొప్పులు. ఒక కాలు బయట పెట్టి, డోరు పట్టుకుని, రెండుసార్లు లేవబోయి కూర్చుండిపోయింది.

"ఎక్కుడు అల్కగనే ఉంది బిడ్డా, దిగుడే అయితలేదు" అంది.

పక్క షోరూమ్‌లో సీటు కాస్త ఎత్తుగా ఉన్న ఇంకో సెడాన్ ఉంది. ఈసారి ఎవరూ ఇంజన్ సీసీ అడగలేదు. ముందు ఆమెను కూర్చోబెట్టి, దిగమన్నారు.