సివిల్ వాళ్ల అప్రెంటిస్‌షిప్ వెనకున్న కథ

ఏటా పాలిటెక్నిక్ ఫలితాలు రాగానే మా ఊరి పిల్లలు నన్నడిగేది ఒకటే: అన్నా, సివిల్ కంపెనీలో పని నేర్చుకునే అప్రెంటిస్‌గా చేరితే ఏడాది తర్వాత ఉద్యోగం ఇస్తారా అని. ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో సివిల్ ఇంజనీరింగ్ చదువు పని పక్కనే పుట్టింది. గంగా కాలువకి మనుషులు కావాల్సొచ్చి 1847లో రూర్కీలో కాలేజీ పెట్టారు, సరిగ్గా అదే ఏడు ఇక్కడ ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైంది. అప్పటి బ్రిటన్‌లో అయితే పెద్ద ఇంజనీరు దగ్గర చేరి పని నేర్చుకోవడమే ఎక్కువ. అక్కడి సివిల్ ఇంజనీర్ల సంస్థకి 1820లో మొదటి అధ్యక్షుడైన థామస్ టెల్ఫోర్డ్ రాళ్లు చెక్కే పనిలో అప్రెంటిస్‌గా మొదలైన మనిషి. తర్వాత కాలేజీలు పెరిగాయి, సైటు దూరమైంది.

1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది గానీ అది ఫ్యాక్టరీని మనసులో పెట్టుకుని రాసినట్టు ఉంటుంది, ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడులే అందులో ముందు. డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లని 1973 సవరణతో చేర్చారు. శిక్షణలో వాళ్లకిచ్చే స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది, మన రెండు రాష్ట్రాలకీ వ్యవహారమంతా చెన్నైలో ఉన్న అప్రెంటిస్ శిక్షణ బోర్డు చూస్తుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఆ చట్టంలో కార్మికుడంటే యజమాని దగ్గర నేరుగా జీతం తీసుకునేవాడని రాశారు. మన సైటులో కాంక్రీటు పోసే అచ్చు బిగించే సెంట్రింగ్ ముఠా వేరు, కమ్మి కట్టేవాళ్లు వేరు, తాపీ వాళ్లు వేరు, అందరికీ డబ్బిచ్చేది మేస్త్రీనో సబ్ కాంట్రాక్టరో, అంటే రెండు వందల మంది పనిచేస్తున్నా కంపెనీ రిజిస్టర్లో పదిమందే కనిపిస్తారు. ఐటీఐ వాళ్లని ఎంతమందిని తీసుకోవాలో ఈ కార్మికుల లెక్కనిబట్టే తేల్చేవాళ్లు. మాలాంటి డిప్లొమా వాళ్లకి సూపర్‌వైజర్ల సంఖ్యా, నేర్పే వసతీ చూసేవాళ్లు, సైటులో సూపర్‌వైజర్లూ తక్కువేగా.

2014 సవరణ దీన్ని మార్చింది, నా దృష్టిలో ఈ మొత్తం కథలో పెద్ద మలుపు అదే. కాంట్రాక్టు కూలీ కూడా లెక్కలోకి వచ్చాడు. 2019 నిబంధనలతో 30 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థ అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరైంది, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా. తీసుకోకపోతే జైలు అనే మాట మాత్రం 2014లోనే పోయింది, జరిమానా మిగిలింది: తగ్గిన ఒక్కో అప్రెంటిస్‌కి మొదటి మూడు నెలలు నెలకి 500, ఆపైన 1,000 రూపాయలు. పెద్ద కాంట్రాక్టరుకి అదొక ఖర్చే కాదు.

2016లో నేను చేరినప్పుడు డిప్లొమా వాళ్లకి నెలకి 3,542 రూపాయలు, గది అద్దెకే చాలేది కాదు, నెలాఖరు వస్తే టెన్షన్. అయినా ఆ ఏడాదిని తక్కువ చేయలేను. మొదటి నెలలో స్లాబు వేసే ముందు మేస్త్రి నన్ను పిలిచి, కిందకి వంగి చూడు బాబూ అన్నాడు. కమ్మికీ అచ్చుకీ మధ్య ఎడం ఉంచే కవర్ బ్లాకు జారిపోయి కింది కమ్మి షట్టరింగ్ ప్లేటుని ఆనుకుని ఉంది, అలాగే కాంక్రీటు పోసేస్తే కొన్నేళ్లకి అక్కడే తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. కాంక్రీటు పనికి దేశ ప్రమాణమైన ఐఎస్ 456లో కవర్ గురించి, అంటే కమ్మిని కప్పి ఉంచే కాంక్రీటు మందం గురించి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న నేను అంతకుముందే ఆ చోటు మీదుగా రెండుసార్లు నడిచాను. ఇప్పుడు స్టైపెండ్ కొంత మెరుగే, 2019లో డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000 కనీసం చేశారు.

ఉద్యోగం మాటకొస్తే, చట్టం అప్రెంటిస్‌ని ట్రైనీగానే చూస్తుంది, కార్మికుడిగా కాదు. 1995లో సుప్రీంకోర్టు అప్రెంటిస్‌గా చేసినవాడూ బయటి నుంచి వచ్చినవాడూ అన్నివిధాలా సమానమైనప్పుడు శిక్షణ పొందినవాడికి ప్రాధాన్యం ఇవ్వాలంది, అంతకుమించి హక్కు ఇవ్వలేదు. అయితే 2014 సవరణ ప్రకారం శిక్షణ ముగించినవాళ్లని ఎలా తీసుకుంటారో ప్రతి సంస్థా సొంతంగా ఒక విధానం పెట్టుకోవాలి. అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ విధానం చూపించమని అడగండి అని మా పిల్లలకి చెబుతున్నాను.