కాపీరైట్: లైబ్రరీలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

లైబ్రరీలో కాపీరైట్ మాటెత్తితే "అమ్మో, మనకెందుకు సార్" అనేవాళ్లు కొందరు, "ఎవరడుగుతారు లెండి" అనేవాళ్లు కొందరు. మొదటి రకం భయం వల్లే ఎక్కువ పుస్తకాలు పాడైపోతున్నాయని నా అభిప్రాయం.

అపోహ: స్కాన్ చేయడమే తప్పు.

వాస్తవం: పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలే పుస్తకాలు మన బీరువాల్లో ఎన్నో ఉన్నాయి. వ్యాపార దృష్టి లేని పబ్లిక్ లైబ్రరీ, తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఈ వీలు కల్పించింది. అయితే ఆ ఫైలు దాచుకోవడానికే. హక్కులున్న పుస్తకం పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపులో పెడితే ఈ మినహాయింపు కాపాడదు.

దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే లైబ్రరీ వాడకానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. "దొరకదు" అని మనమే తేల్చేయకుండా ప్రచురణకర్తకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది తేదీతో సహా రిజిస్టర్‌లో రాసిపెట్టండి. చట్టం అడగకపోయినా రేపు ఆడిట్‌లో పనికొస్తుంది.

అపోహ: పాత పుస్తకానికి హక్కులుండవు.

వాస్తవం: చూడాల్సింది రచయిత ఎప్పుడు పోయారన్నది. ఆయన బతికుండగా అచ్చయిన రచనలకు, మరణించిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు కాబట్టి అలాంటి రచనలపై ఇప్పుడు హక్కుల్లేవు. శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు, అంటే 2043 చివరి దాకా ఆగాలి, చేతిలో ఉన్నది తొలి ముద్రణ ప్రతి అయినా సరే. గురజాడ పుస్తకానికి ఈమధ్య ఎవరైనా రాసిన ముందుమాటకు విడిగా హక్కులుంటాయి, అది మర్చిపోవద్దు.

అపోహ: పది శాతం దాకా జెరాక్స్ తీసుకోవచ్చు.

వాస్తవం: ఆ లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. సొంత చదువుకు, పరిశోధనకు సెక్షన్ 52 న్యాయమైన మేరకు ఒప్పుకుంటుంది. ఢిల్లీ యూనివర్సిటీ కోర్స్ ప్యాక్‌ల (పాఠాల కోసం పుస్తకాల్లోంచి జెరాక్స్ తీసి కుట్టిన కట్టల) కేసులోనూ 2016లో హైకోర్టు శాతాలు లెక్కపెట్టలేదు, బోధనకు ఎంత అవసరమో చూడాలంది.

అపోహ: "సర్వహక్కులు రచయితవి" అని లేకపోతే హక్కులు లేనట్టే.

వాస్తవం: రాసినప్పుడే హక్కు వచ్చేస్తుంది. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.

చూపులేని పాఠకుల కోసం పుస్తకాన్ని ఆడియోగా రికార్డు చేయడానికి కూడా చాలామంది జంకుతారు. లాభాపేక్ష లేకుండా, వాళ్లకే అందేలా చూసుకుంటే రచయిత అనుమతి అక్కర్లేదు. నిశ్చింతగా మొదలుపెట్టండి.